రెండో బజ్జి

యాభై ఏడేళ్ళ మనిషికి ఇరవై నాలుగేళ్ళ పిల్ల మీద కుళ్ళు పుడుతుందా అని మీరు అడగొచ్చు. పుడుతుంది. అన్నం తింటుంటే పుడుతుంది, స్కూటరు తోలుతుంటే పుడుతుంది, ఆఫీసులో ఆ పిల్ల కుర్చీ జరిపిన చప్పుడుకు కూడా పుడుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటివాళ్ళకు పెద్దవాళ్ళు తమ గొప్పలు చెబుతారు. నాకూ కొన్ని గొప్పలున్నాయి గానీ, రిటైరైన రోజు మైకు పట్టుకుని అందరూ వాటిని చెప్పేశారు. వాళ్ళు చెప్పనిది ఇదొక్కటే మిగిలింది.

ఆదోనిలో ఇంటర్నెట్ ఇచ్చే ఒక చిన్న కంపెనీలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. దాని పేరు చెప్పను, అక్కడి మనుషుల పేర్లూ చెప్పను. ఎమ్మిగనూరు, కౌతాళం, చిప్పగిరి, తుగ్గలి, ఇట్లా చుట్టుపక్కలంతా మా టవర్లుండేవి. ప్రతి టవరు కింద ఒక చిన్న గది, గదిలో బ్యాటరీలు, ఒక చిన్న కంప్యూటరు. ఆ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము కాపలా కూర్చుని ఉంటుంది. దాన్ని ఏజెంట్ అంటారు. ఆదోని ఆఫీసులోని సర్వరు నిమిషానికోసారి ఏజెంట్లన్నిటినీ పలకరిస్తుంది, అవి తమ బాగోగులు చెబుతాయి. బాగుంటే మా గోడ మీది తెరలో ఆ ఊరి పేరు పక్కన పచ్చ చుక్క, బాగలేకుంటే ఎర్ర చుక్క.

ఆ ఏజెంట్‌కు మా బ్యాటరీ పెట్టెలతో మాట్లాడటం రాదు. మా వైపు కరెంటు సంగతి మీకు తెలిసిందే, బ్యాటరీ ఎంత మిగిలిందో తెలియకపోతే పని జరగదు. అందుకని నేనే పుస్తకాలు తిరగేసి, బెంగళూరులో తెలిసిన ఒకాయన్ను ఫోన్లో బతిమాలి, ఒక మాడ్యూల్ రాశాను. మాడ్యూల్ అంటే ఏజెంట్‌కు తగిలించిన చిన్న ముక్క. అది బ్యాటరీ పెట్టెను అడిగి, వోల్టేజీ ఎంతో తెచ్చి ఏజెంట్ చేతిలో పెడుతుంది. యాభై మూడు అంటే కడుపు నిండా ఉన్నట్టు, నలభై ఆరు అంటే కొడిగడుతున్నట్టు. అది దిగుతుంటే మేము జీపులో జనరేటరు వేసి పంపేవాళ్ళం. ఐటీఐ చదివినవాడు ప్రోగ్రాము రాశాడని కర్నూలు ఆఫీసులో కూడా చెప్పుకున్నారు. ఆ మాట నేను చాలా ఏళ్ళు మెడలో వేసుకుని తిరిగాను.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. ఒక లావుపాటి పుస్తకం, దాని పేరు తప్పుల పుస్తకం. ఏ టవరులో ఏం చెడింది, ఎవరివల్ల చెడింది, ఎవరు కనిపెట్టారు అని అందులో రాయాలి. తప్పు చేసినవాళ్ళు తమ చేత్తోనే రాసి, ఆఫీసు మొత్తానికి ఉగ్గాని బజ్జి తెప్పించాలి. ఉగ్గాని అంటే మా వైపు బొరుగులతో చేసే ఉప్మా, ప్లేటుకు ఒక మిరపకాయ బజ్జి. కనిపెట్టినవాళ్ళ ప్లేటులో మాత్రం రెండు. ఇది ఎవరు పెట్టిన రూలో తెలియదు గానీ, కంపెనీ రూల్సన్నిటికంటే గట్టిగా నడిచింది. పద్దెనిమిదేళ్ళలో నేను రెండో బజ్జి తిన్నన్ని సార్లు ఇంకెవరూ తినలేదు. ఒక్కసారి కూడా తెప్పించలేదు.

తెప్పించాల్సిన పని మాత్రం ఒకటి చేశాను, అది ముందే చెబుతాను. మాడ్యూల్ రాసిన కొత్తలో బ్యాటరీ పెట్టె ఒక్కోసారి జవాబివ్వడానికి ఆలస్యం చేసేది. వెంటనే తెర మీద ఎర్ర చుక్క పడేది, మేనేజరు ఫోను చేసి కేకలేసేవాడు. వెళ్ళి చూస్తే అంతా బాగానే ఉండేది. విసిగిపోయి రెండు లైన్లు కలిపాను. పెట్టె జవాబివ్వకపోతే పోయినసారి ఏజెంట్‌కు చెప్పిన అంకెనే మళ్ళీ చెప్పు అని. ఎర్ర చుక్కలు మాయమయ్యాయి. జిల్లాలో మా ఆదోని తెరే పచ్చగా ఉందని ఆ ఏడు నాకు శాలువా కప్పారు. ఆ రెండు లైన్ల సంగతి నేనెక్కడా రాసిపెట్టలేదు. మా తరం వాళ్ళం తెలిసింది రాసిపెడితే మన అవసరం ఉండదని భయపడేవాళ్ళం.

అప్పుడొచ్చింది ఆ పిల్ల.

ఎమ్మిగనూరులో నేతపని చేసే ఇంటి పిల్ల. రోజూ పొద్దున్నే బస్సులో వచ్చేది. ఏడాది ప్రొబేషను, ఆ తర్వాత పర్మనెంటు. మొదటి వారంలోనే మా సర్వరు వెనక జడలు కట్టిన వైర్లన్నీ విప్పి, రంగుల వారీగా వరసపెట్టి, నూలు దారంతో ముడులేసింది. ఆ ముడి లాగితే బిగుస్తుంది, నెడితే వదులుతుంది. అందరూ వచ్చి చూసి పోయారు. నేను ఏళ్ళ తరబడి ఆ జడల్లోనే ఏ వైరు ఎక్కడిదో గుర్తుపెట్టుకుని మొనగాణ్ణనిపించుకున్నవాణ్ణి. ఇప్పుడు టీ తెచ్చేవాడు కూడా చూసి చెప్పేస్తాడు.

మెల్లగా ఆఫీసు మొహం ఆమె వైపు తిరిగింది. మేనేజరు నన్ను పిలిచి, నేను చెప్పేది వినకముందే "ఆ అమ్మాయిని ఒక మాట అడుగన్నా" అనేవాడు. నాతోపాటు చేరిన లైన్‌మన్, నా కూతురి పెళ్ళిలో వడ్డన చేసినవాడు, తన సెల్‌ఫోను చెడితే ఆమె టేబులు దగ్గరికి పోయాడు. ఎవరూ లేనప్పుడు తప్పుల పుస్తకం తీసి ఆమె ఎన్ని కనిపెట్టిందో లెక్కపెట్టేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ కూడా, మీ ఆఫీసులో ఎవరో పిల్ల భలే పనిమంతురాలంట కదా అంది. ఆ రోజు కూర బాగలేదని గొడవ పెట్టుకున్నాను.

చిల్లర పనులు కూడా చేశాను, దాచడమెందుకు. ఒక అక్షరం సరిగా పడని కీబోర్డు ఆమెకు వచ్చేట్టు చూశాను. చిప్పగిరి టవరు దగ్గర కరిచే కుక్క ఉందని చెప్పకుండా పంపాను. ఆ కుక్క ఆమె వెనకే తోకాడించుకుంటూ జీపు దాకా వచ్చిందని డ్రైవరు చెప్పాడు. కుక్కకు కూడా నామీద విశ్వాసం లేకపోయింది.

ఆమె ప్రొబేషను అయిపోయే నెలలో కర్నూలు నుంచి కొత్త ఏజెంట్ వచ్చింది. పాతదాన్ని తీసి కొత్తది పెట్టాలి. ముందు కౌతాళంలో పెట్టి చూడమన్నారు. ఆ పని ఆమెకు ఇచ్చారు. ఆమె పెట్టింది, తెర మీద కౌతాళం పచ్చగా వెలిగింది, బ్యాటరీ యాభై మూడు పాయింట్ రెండు. అందరూ సరే అనుకున్నారు.

తొమ్మిది రోజుల తర్వాత కౌతాళంలో పొద్దున్నుంచి కరెంటు లేదు. మా తెర మీద బ్యాటరీ యాభై మూడు పాయింట్ రెండు. ఇంత నిండుగా ఉంటే జనరేటరు ఎందుకని పంపలేదు. మధ్యాహ్నం ఉన్నట్టుండి టవరు మొత్తం పడిపోయింది. ఆ టవరు మీద ఒక పత్తి కొనుగోలు కేంద్రం నడుస్తుంది. రైతు వేలిముద్ర వేసి పేరెక్కించుకుంటే గానీ పత్తి తూకం వేయరు. ట్రాక్టర్లు నిలబడిపోయాయి. జనరేటరు చేరేసరికి వాన వచ్చింది. టార్పాలిన్ పట్టాలు కప్పినా అడుగున పత్తి తడిసింది. ఒక పెద్దాయన ఆఫీసుకు ఫోను చేసి, సగం కన్నడంలో సగం తెలుగులో, తిట్టకుండా, మీ తెర మీద మా పత్తి కనపడదాప్పా అని అడిగాడు. ఆ ఫోను ఎత్తింది ఆ పిల్లే.

మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న, కౌతాళం మీద చివర చెయ్యి పెట్టిందెవరు అని. శనివారం ఆమె పర్మనెంటు కాగితం కర్నూలు పోవాలి. ఆలోపు కారణం తేలకపోతే కాగితం ఆగుతుందన్నాడు. నాకు లోపల ఎక్కడో పండగ మొదలైంది. దాన్ని పండగనే అంటాను, ఇంకో పేరు పెడితే అబద్ధం.

మంగళవారం ఇద్దరం జీపులో కౌతాళం పోయాం. దారిలో ఆమె మామూలుగా మాట్లాడే పిల్ల కాదు గానీ, ఆ రోజు మాట్లాడింది. వాళ్ళ నాన్నది గుంట మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టి తొక్కీ తొక్కీ మోకాళ్ళు రెండూ పోయాయి. పర్మనెంటైతే ఇంట్లోవాళ్ళకు కూడా కంపెనీ వైద్యం కార్డు వస్తుంది. కార్డు వచ్చిన వారంలోనే ఆపరేషన్‌కు పేరు రాయిస్తానని ఆయనకు చెప్పిందట. ఆయన మగ్గం మీద కొత్త పడుగు దారాలు ఎక్కించుకోకుండా ఆపరేషన్ కోసం ఎదురు చూస్తున్నాడట. నేను ఊఁ కొడుతూ కాలువ వైపు వరిమళ్ళు చూస్తూ కూర్చున్నాను.

టవరు గదిలో ఆమె నా మాడ్యూల్‌ను ఏజెంట్‌తో పనిలేకుండా తన చేత్తో నడిపి చూసింది. నలభై తొమ్మిది పాయింట్ ఏడు అని వచ్చింది. మీటరు పెట్టి కొలిస్తే అంతే. మళ్ళీ నడిపింది, అప్పటికి నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిది. నేను ఆదోనికి ఫోను చేసి అడిగితే తెర మీద మాత్రం యాభై మూడు పాయింట్ రెండే.

"చేత్తో నడిపితే నిజం చెప్తాంది సార్. ఏజెంట్ అడిగితే అబద్ధం చెప్తాంది. అదే మాడ్యూలు, అదే పెట్టె. యాడుందో తప్పు అర్థం కాకుండా ఉంది" అంది.

ఆ మాట వినగానే నాకు మొత్తం తెలిసిపోయింది. బ్యాటరీ పెట్టెకు పోయే తీగను ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోవడానికి కుదరదు, కంప్యూటర్లో పేరు చెప్పి అనుమతి ఇవ్వాలి. పాత ఏజెంట్ పేరుకు అనుమతి ఇచ్చింది నేనే. కొత్త ఏజెంట్ వేరే పేరుతో నడుస్తుంది. దాన్ని పెట్టె గడప తొక్కనివ్వడం లేదు. ఆమె చేత్తో నడిపితే మాత్రం ఆమె పేరుకు అన్ని అనుమతులూ ఉన్నాయి కాబట్టి లోపలికి పోతుంది. అంతవరకైతే తెర మీద ఎర్ర చుక్క పడి మొదటి రోజే బయటపడేది. పడకుండా కాపాడింది నా రెండు లైన్లు. జవాబు రాకపోతే పోయినసారిదే చెప్పు. కొత్తది పెట్టినప్పటి నుంచీ, పాత ఏజెంట్‌కు చివరిసారి చెప్పిన అంకెనే చెబుతున్నాయి.

చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను కాళ్ళు పట్టేశాయని బయటికి పోయి నిలబడ్డాను.

నా కుళ్ళు నాకంటే తెలివైనది. అది నాతో ఏమందంటే, ఇప్పుడే ఎందుకు, శనివారం మేనేజరు ముందర ఆ పిల్ల చేతులెత్తేసినప్పుడు నువ్వు లేచి చెప్పు. కొత్త ఏజెంట్ పేరుకు అనుమతి లేదు అని ఆ సగం చెప్పు. నీ రెండు లైన్లు నెమ్మదిగా నువ్వే తీసేసుకో. ఆ పిల్లా బయటపడుతుంది, నీ పేరూ నిలబడుతుంది. వింటుంటే అది పుణ్యకార్యంలా ఉంది. జీపు ఎక్కేటప్పుడు ఆమెకు ధైర్యం కూడా చెప్పాను.

బుధవారం, గురువారం ఆమె మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. కేబుళ్ళు మార్చింది, పాత ఏజెంట్ కాగితాలన్నీ చదివింది. నేను ఎదురుగా కూర్చుని పేపరు చదివాను. లైన్‌మన్ వచ్చి, నీకేమన్నా తోస్తాందా అన్నా అని అడిగితే, ఈ కాలం సామాన్లు మనకేం తెలుస్తాయప్పా అన్నాను. వాడు నన్ను అదోలా చూశాడు. నాకు తెలియదన్న మాట వాడు నా నోట ఎప్పుడూ వినలేదు.

శుక్రవారం సాయంత్రం బస్సు టైముకు ఆమె నా టేబులు దగ్గరికి వచ్చింది. చేతిలో కాగితం. కౌతాళం బ్యాటరీ తొమ్మిది రోజుల గీత అది, స్కేలు పెట్టి గీసినట్టుంది.

"ఒక్క పాయింట్ గూడ కదల్లేదు సార్. కరెంటు వచ్చినా పోయినా అంతే. బతికున్న బ్యాటరీ ఇట్లుండదు" అంది. తర్వాత మాడ్యూల్ విప్పి చూశానని, రెండు లైన్లు దొరికాయని చెప్పింది. కాగితం మీద వాటిని రాసుకొచ్చింది. "ఇవి మీరు రాసినవేనా సార్?"

ఆమె గొంతులో నేరం మోపినట్టు లేదు. తెలిసినవాణ్ణి అడిగినట్టే ఉంది. అసలు నాకు మండింది అక్కడే. నేను దాచింది మూడు రోజుల్లో తవ్వి తీసింది, నా శనివారం నాకు లేకుండా చేసింది, పైగా మర్యాదగా అడుగుతోంది.

"గుర్తులేదమ్మా. ఎన్నేళ్ళ కిందటి సంగతి, ఎవరెవరో చెయ్యి పెట్టినారు దాంట్లో" అన్నాను.

సరే సార్ అంది. రెండోసారి అడగలేదు. బస్సుకు పోయింది.

శనివారం మేనేజరు ముందు అంతా విడమర్చి చెప్పింది. కొత్త ఏజెంట్ పేరుకు అనుమతి లేకపోవడం, పెట్టె పలకకపోవడం, మాడ్యూల్ పాత అంకెనే చెప్పడం. అనుమతి ఇచ్చి చూపించింది. తెర మీద కౌతాళం అంకె అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మేనేజరు మాత్రం, ఈ రెండు లైన్లు ఎవరు పెట్టినారు అని అడిగాడు.

ఆమె నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నాకోసం ఆగింది, అంతే. నేను పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"పాతవి సార్. కొత్తది పెట్టేటప్పుడు మాడ్యూల్ విప్పి చూసుకోవాల్సింది నేనే. చూసుకోలేదు" అంది.

మేనేజరు చెడ్డవాడు కాదు. కానీ పత్తి తడిసింది, పై నుంచి అడుగుతున్నారు, ఎవరో ఒకరి పేరు రాయాలి. కనిపెట్టింది కాబట్టి ఉద్యోగంలోంచి తీసేయడం లేదని, చూసుకోలేదు కాబట్టి ప్రొబేషను ఇంకో ఆరు నెలలు పొడిగిస్తామని చెప్పాడు. ఆమె తలూపింది. తప్పుల పుస్తకంలో తన చేత్తో రాసింది. ఎవరివల్ల అన్నచోట తన పేరు రాసింది. ఎవరు కనిపెట్టారన్న గడి ఖాళీగా వదిలింది.

పొట్లాలు వచ్చాయి. ఉగ్గాని వేడి మీద ఉంది, పుట్నాలపొడి వాసన గదంతా నిండింది. ప్లేట్లు ఆమే పంచింది. నా ప్లేటు నా ముందు పెట్టినప్పుడు చూస్తే రెండు బజ్జీలున్నాయి. పొరపాటు పడిందేమో అనుకుని, రెండోది నీదమ్మా, కనిపెట్టింది నువ్వు కదా అన్నాను.

ఆమె వంగి, నాకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా, "కాదు సార్. ముందు కనిపెట్టింది మీరే. కౌతాళంలోనే, మంగళవారం నాడు. నేను చూసినా" అంది.

తరవాతి ప్లేటు పంచడానికి పోయింది. నేను రెండు బజ్జీలూ తిన్నాను. తినకుండా వదిలేస్తే అందరూ ఎందుకని అడుగుతారు కదా.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదని, మర్నాడే పోయి చెప్పేశానని రాస్తే మీకు బాగుంటుంది. నిద్ర బాగానే పట్టింది. చెప్పడానికే ఎనిమిది రోజులు పట్టింది నాకు. ఆ ఎనిమిది రోజుల్లోనూ ఆమె నన్ను సార్ అనే పిలిచింది, అనుమానం వస్తే నన్నే అడిగింది, నేను చెబితే రాసుకుంది. నన్ను ఒక మాట అనుంటే నేను కూడా నాలుగు అని సర్దుకునేవాణ్ణి. ఆమె ఓర్పు మీద కూడా నాకు కుళ్ళే పుట్టింది. ఆ ఓర్పు నాకెందుకు లేదా అని ఆలోచిస్తూ ఉండగా చెయ్యి దానంతటదే పుస్తకం మీదికి పోయింది.

ఆమె రాసినదాని కింద రాశాను. ఆ రెండు లైన్లు నావి, అవి ఉన్నాయని నాకు తెలుసు, మంగళవారమే తెలుసు. కనిపెట్టినవారి గడిలో ఆమె పేరు రాశాను. మేనేజరు చదివి పుస్తకం మూశాడు. తర్వాత అన్నాడు, "కాగితం కర్నూలు పోయిందన్నా. ఇప్పుడు మళ్ళీ రాస్తే, మీ ఆఫీసులో వారానికొకడు తప్పు చేసినానంటాడా అని నగుతారు. ఆరు నెల్లే కదా." నేను ఇంకోసారి అడిగాను. ఇంకోసారి అదే చెప్పాడు.

ఉగ్గాని బజ్జి తెప్పించాను. పద్దెనిమిదేళ్ళకు మొదటిసారి. లైన్‌మన్ ఆ పొట్లాలకు దండం పెట్టి, ఈ దినం వస్తాదని నేననుకోలేదప్పా అని అందర్నీ నవ్వించాడు. ఆమె ప్లేటులో రెండు బజ్జీలు పెట్టి నేనే తీసుకుపోయి ఇచ్చాను. క్షమించమని అడగాలనుకుని, కారం ఎక్కువగా ఉంది చూసుకోమ్మా అన్నాను.

ఆమె మొదటిది తింది. రెండోది చేతిలో పట్టుకుంది.

"ఇది నాకు రావాల్సిందే సార్, తింటాను. ఆ ఆరు నెల్లు ఎవరిస్తారు?" అంది.

కోపంగా అనలేదు. నిజంగా ఎవరిస్తారో నాకు తెలిసి ఉంటుందేమో అన్నట్టు అడిగింది. నేను ప్లేట్లు ఏరుకుని బయటికి పోయాను.

ఆ ఆరు నెలల్లో నాలుగో నెలలోనే నేను రిటైరయ్యాను. ఈసారి శాలువా వద్దు, ఏదైనా పనికొచ్చేది కొందామని అందరూ చందాలేసుకుని ఎమ్మిగనూరు దుప్పటి తెచ్చి కప్పారు. లావుపాటి నూలు, చెంగావి అంచు. నా గొప్పలన్నీ మైకులో చెప్పారు, మాడ్యూల్ సంగతి కూడా చెప్పారు. కిందికి దిగుతుంటే ఆమె వచ్చి, దుప్పటి కొంగు సవరించి, "మా నాయన నేసినాడు సార్. మీకని చెప్తే పడుగు ఎక్కించినాడు" అంది.

కుళ్ళుబుద్ధి ఎక్కడికి పోతుంది. ఇంటికి తెచ్చి, కిటికీ వెలుతురులో మంచం మీద పరిచి, ఎక్కడన్నా తప్పు దొరుకుతుందేమోనని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు పెట్టి చూశాను. అంచు దగ్గర చూశాను, తిరగేసి చూశాను. రెండు మోకాళ్ళూ పోయిన మనిషి నేసిన గుడ్డ అది. ఒక్క పోగు తప్పలేదు.